చేపలకు అమ్మవారు పోసిన చలికాలం

మా అత్తగారింట్లో చేప అన్న మాట పలకకూడదు. పొరపాటున పలికితే మా అత్త పోపులపెట్టె మూత వేసేది, ఆ మాట ఎగిరి జీలకర్రలో పడుతుందేమోనని. అలాంటి ఇంటికి గిద్దలూరు నుంచి కొమరోలు పోయే రోడ్డు పక్కన ఎకరం పైచిలుకు చేపల చెరువు ఉండేది. దాన్ని ఇంట్లో అందరూ తోట అనేవాళ్ళు. చేపల్ని సరుకు అనేవాళ్ళు. "సరుకు మేత తిన్నదా? సరుకు ఒళ్ళు చేసిందా?" అని మా మామ పొద్దున్నే అంగట్లో కూర్చుని కాపలావాడికి ఫోన్ చేస్తుంటే, పక్కనున్నవాళ్ళు అది బెల్లం సంగతో కందిపప్పు సంగతో అనుకోవాలి. బెల్లం మేత తినదనీ కందిపప్పు ఒళ్ళు చెయ్యదనీ బజారులో అందరికీ తెలుసు. తెలిసినా మామ ముందర ఒక్కరూ నోరెత్తేవాళ్ళు కాదు.

మాది పప్పులు, బెల్లం, పూజసామాను అమ్ముకునే ఇల్లు. నీచు ముట్టే అలవాటు ఏ తరంలోనూ లేదు. మరి చెరువెందుకంటే, మా మామ ఫోన్‌లో ఎవరో కోస్తా రైతు వీడియో చూశాడు. ముట్టకుండా పెంచొచ్చు, తినకుండా అమ్మొచ్చు, పాపమంతా కొనుక్కుని తినేవాడిది అని లెక్క తేల్చుకున్నాడు. శనగ పండని చేలో ప్రొక్లెయిన్ పెట్టి తవ్వించి, బోరు నీళ్ళు నింపి, బంగారుతీగ పిల్లల్ని వదిలాడు. ఇన్ని రకాల చేపలుండగా ఆ రకమే ఎందుకంటే నాకు తోచిన కారణం ఒక్కటే. పేరులో బంగారం ఉంది. వ్యాపారస్తుడికి ఇంకేం కావాలి?

తోటకు పోయొచ్చినవాళ్ళు పెరట్లో తలస్నానం చేసి గాని వంటింటి గడప తొక్కకూడదు. చేపను చేత్తో తాకకూడదు. గట్టు మీద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, దూరం నుంచి చూసి రావాలి. బట్టల అంగడి పెట్టుకుని గుడ్డ ముట్టనంటే ఎంత తెలివో ఇదీ అంతే. ఈ తెలివితోనే మా మామ బజారులో అందరికీ చేపల పెంపకం గురించి ఉపన్యాసాలిచ్చేవాడు.

నేను మార్కాపురంలో డిగ్రీ చదివాను, జువాలజీ. పెళ్ళయ్యాక ఆ చదువుతో నేను చేసిన పని జీలకర్ర పొట్లాలు కట్టడం. మా ఆయనకు చెరువు వాసన తగిలితే కడుపులో తిప్పుతుంది. మామకు మోకాళ్ళ నొప్పులు. అందుకని ఆదివారాలు నన్ను పంపేవాళ్ళు, అంతేగాని నా డిగ్రీని చూసి కాదు. నేను పోవడం మొదలుపెట్టాక మేత వృథా తగ్గింది, నీళ్ళ రంగు కుదురుకుంది. అది మామ కంట పడింది. ఒకరోజు భోజనాల దగ్గర, అందరూ వింటుండగా అన్నాడు.

"ఈ పంట ఎత్తినాక తోట అమ్మాయికే అప్పజెప్తా. పంట రాకపోతే మాత్రం పూడిపించి ప్లాట్లు ఏపిస్తా. నాకు ఓపిక ల్యా."

ఆ చెరువు నాకు కావాలి. చెప్పుకోవడానికి సిగ్గెందుకు? ఆ ఇంట్లో గిన్నె మీద మా అత్త పేరు, గల్లాపెట్టె మీద మామ పేరు, అంగడి బోర్డు మీద మామ నాయన పేరు. నాది అనిపించుకునేది ఒక్క ముక్క ఉంటే చాలనుకున్నాను. పండగకు చీర కొనిస్తామన్నప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు. పంట ఎత్తే రోజు కోసం ఎదురుచూస్తూ పొట్లాలు కట్టాను.

కరోనా వచ్చి పోయిన తర్వాతి చలికాలం అది. ఇమ్యూనిటీ అన్న మాట ఊరందరి నోట్లో నానుతూ ఉండేది. టీ బంకులో ఇమ్యూనిటీ టీ, మా అంగట్లో ఇమ్యూనిటీ బెల్లం. మామూలు బెల్లమే, మా మామ దాని మీద ఆ చీటీ అంటించాడు. పుష్యమాసపు చలిలో ఒక ఆదివారం పొద్దున్నే తోటకు పోయేసరికి చేపలన్నీ బోరు గొట్టం కింద మూగి ఉన్నాయి. చలికాలంలో బోరు నీళ్ళు వెచ్చగా వస్తాయి కదా, గొట్టం దగ్గర సన్నగా ఆవిరి లేస్తోంది. పొద్దెక్కే కొద్దీ అక్కణ్ణించి కదిలి, లోతు లేని గట్టువార ఎండ పడే చోటికి పోయి, వీపులు తేలేసి నిలబడ్డాయి. మేత వేస్తే ఒక్కటీ కదల్లేదు. కొన్నిటి ఒంటి మీద పాలిపోయిన మచ్చలున్నాయి.

నీళ్ళలో దిగి ఒకదాన్ని పట్టుకున్నాను. రెండు చేతులతో, మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగా ఉండాల్సిన మొప్ప అక్కడక్కడా తెల్లబడి కుళ్ళుతోంది. ఫోటోలు తీసి మా పాత లెక్చరర్‌కు పంపాను. ఆయన చూసి ఫోన్ చేశాడు.

"వైరస్ లాగుందమ్మా. పరీక్ష చెయ్యకుండా ఖాయంగా చెప్పలేను. మందైతే లేదు. నీళ్ళు చల్లబడకుండా చూసుకో, మేత తగ్గించు. ఎండ కాడికి పోతుండాయంటే పోనియ్యి, వాటి తిప్పలేవో అవి పడుతుండాయి."

ఆ పాఠం ఆయనే చెప్పాడు మాకు. మనకు జబ్బు చేస్తే ఒళ్ళు దానంతటదే కాగుతుంది. చేపకు ఆ వసతి లేదు, నీళ్ళ వేడే దాని ఒంటి వేడి. వైరస్ దూరిన కణం ఇంటర్‌ఫెరాన్ అనే కబురు పక్క కణాలకు పంపుతుంది, అవి జాగ్రత్తపడతాయి. ఒంటి మీది జిగురు మొదటి కాపలా. ఆ తర్వాత, నిదానంగా, ఆ వైరస్‌ను గుర్తుపట్టే యాంటీబాడీలు తయారవుతాయి. మనకు ఎముకల మూలుగలో పుట్టే రక్తకణాలు చేపకు తలకాయ వెనక ఉండే మూత్రపిండంలో పుడతాయి. నీళ్ళు చల్లగా ఉంటే ఈ పనులన్నీ నత్తనడక నడుస్తాయి. అందుకే జబ్బుపడ్డ చేప వెచ్చని చోటు వెతుక్కుంటుంది. లేని జ్వరాన్ని బయటినుంచి తెచ్చుకుంటుంది. అది పరీక్షకు రాదని చెప్పి ఆయన వెంటనే తర్వాతి పాఠానికి పోయాడు గానీ నాకు మాత్రం గుర్తుండిపోయింది.

ఇంటికొచ్చి చెప్పాను. మా అత్త విన్నది ఒక్కటే.

"చేత్తో ముట్టినావా?"

"ముట్టకపోతే ఎట్ల తెలుస్తాది అత్తా?"

"ఒంటి మీద మచ్చలుండాయా?"

"ఉండాయి."

"తిండి ముట్టల్యా?"

"ముట్టల్యా."

ఆమె చేటలో బియ్యం పక్కకు పెట్టి చేతులు జోడించింది. "అమ్మవారు పోసింది," అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా. దానికి తర్వాత ఎంత కట్టించుకున్నారో చెప్తాను. మా అత్త లెక్కలో మచ్చలు వస్తే అమ్మవారు, అమ్మవారు వస్తే చలువ. మనిషికైతే గుమ్మానికి వేపమండలు కడతారు, ఎండ తగలకుండా పడుకోబెడతారు, మజ్జిగన్నం పెడతారు, ఇంట్లో తాలింపు కూడా వెయ్యరు. చేపలకు కూడా అదే చెయ్యాలని ఆమె తీర్మానం. నిజంగానే ఆ రోజు నుంచి ఇంట్లో తాలింపు మానేశారు. తోటలో చేపకు జబ్బు చేస్తే గిద్దలూరులో నేను పోపు లేని పప్పు తిన్నాను.

"వేడి చేసింది వాటికి. ఎండలో వీపులు కాలబెట్టుకుంటా నిలబడినాయంటే వేరే ఏందనుకుంటుండావు?" అన్నాడు మామ.

"వేడి చేసి ఎండకు పోవు మామా. చలికి తట్టుకోలేక పోతాయి. ఎండే వాటికి వైద్యం. లెక్చరర్ గూడా అదే చెప్పినాడు."

"మందేం చెప్పినాడు?"

"మందు లేదన్నాడు."

"మందు తెలీనాయనకు జబ్బు మాత్రం తెలుసా?" అని మామ చెవిలో పుల్ల తిప్పుకున్నాడు. సాయంత్రానికి అంగటికొచ్చిన ప్రతివాడూ వైద్యుడే. ఒకాయన సబ్జా గింజలు చల్లమన్నాడు. ఇంకొకాయన నిమ్మకాయలు పిండమన్నాడు. చెరువు మొహం చూసినవాడు వాళ్ళలో లేడు, కానీ వేడి చేసిందని చెప్పనివాడు కూడా లేడు.

మర్నాడు మందుల కన్సల్టెంట్ దిగాడు. కోస్తా నుంచి మోటారు సైకిల్ మీద తిరుగుతూ చెరువుల వాళ్ళకు మందులమ్ముకునే మనిషి. ఇస్త్రీ చొక్కా, నల్ల కళ్ళద్దాలు, భుజాన సంచి. గట్టు మీద నుంచి ఒక్క చూపు చూసి సంచి విప్పాడు.

"ఇమ్యూనిటీ డౌనైపోయిందండి. ఇది బూస్టర్, ఇది యాంటీబయాటిక్. మేతలో కలిపి పెట్టేయండి, వారంలో ఎగిరి గంతులేస్తాయి."

"మేత ముట్టట్లేదు కదా, మేతలో కలిపితే ఎట్ల లోపలికి పోతాది?" అన్నాను.

ఆయన నన్ను చూడకుండా మామను చూసి నవ్వాడు. "మేడమ్ గారు బాగా చదువుకున్నారండి."

"వైరస్‌కు యాంటీబయాటిక్ ఏం చేస్తాది?"

"అది సెకండరీకండి. సెకండరీ అంటే చాలా ఉందిలెండి."

మా అత్త ఇంట్లోంచి ఫోన్‌లో వింటోంది. ఆమెకొక పెద్ద అనుమానం వచ్చింది. "నాయనా, ఆ మందులో మాంసం గీంసం ఏమీ కలపరు కదా?" అని అడిగింది. చేపలకు వేసే మందు గురించి. ఆ మనిషి రెప్ప వెయ్యకుండా "ప్యూర్ వెజ్ అమ్మా" అన్నాడు. మా అత్తకు అంతకంటే గొప్ప సైంటిస్టు ఈ భూమ్మీద లేడు. నీడ కోసం పచ్చ నెట్ కడితే ఎలా ఉంటుందని మామ అడిగాడు. ఆయన మామ మొహం చూశాడు, ఏ జవాబు వస్తే సంచి ఖాళీ అవుతుందో లెక్కేసుకున్నాడు, "బ్రహ్మాండంగా ఉంటుందండి, స్ట్రెస్ తగ్గుతుంది" అన్నాడు. ఏడ్చినట్టుంది ఆయన వైద్యం.

నర్సరీ మొక్కలకు కట్టే పచ్చ నెట్ కూడా మార్కాపురం నుంచి తెప్పించి అమ్ముతాం, అంగట్లో ఒక చుట్ట మిగిలి ఉంది. ఎండ పడే గట్టువార గుంజలు పాతి దాన్ని కప్పారు. పైన వేపమండలు పరిచారు. గాలికి లేవకుండా అంచులకు రాళ్ళు కట్టి నీళ్ళలోకి దించారు. ఆ ఒడ్డునే వీపులు తేలేసి ఉన్న చేపలు ఎక్కడివక్కడే లోపల ఇరుక్కున్నాయి, దోమతెరలో పడినట్టు. అది చాలదన్నట్టు మామ బోరు కట్టేయించాడు.

"మామా, బోరు ఆపొద్దు. ఆ వెచ్చటి నీళ్ళతోనే అవి తెల్లారగట్ట చలికి తట్టుకుంటుండేది."

"ఆవిరి వస్తుండాది ఆ నీళ్ళల్లో, కనపడల్యా నీకు? అమ్మవారు పోసిన ఒంటి మీద కాగే నీళ్ళు పోస్తారా ఎవురన్నా?"

"అది మనిషికి మామా. చేప మనిషి కాదు."

"ప్రాణమే కదా," అన్నాడాయన, గొప్ప దయగలవాడిలాగా. ఆరు నెలలయ్యాక ఆ ప్రాణాలనే తక్కెట్లో తూయించేవాడు ఈయనే. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇంట్లో మా ఆయనకు చెప్పాను. "నువ్వొక్కసారి చెప్పు. నీ మాట వింటాడు" అన్నాను. మా ఆయన సెల్‌ఫోన్‌లోంచి తలెత్తి, "నాయన ఏదో ఒకటి చేస్తుండాడు కదా, నువ్వెందుకు మధ్యలో?" అన్నాడు. మధ్యలో నేనెందుకా? చెరువు చస్తే పోయేది నా చెరువు. ఆ సంగతి ఈయన బుర్రకెక్కాలంటే ఇంకో జన్మ కావాలి.

నెట్ గట్టంతటికీ చాలలేదు. ఒక కొసన ఎండ పడే చోటు మిగిలిపోయింది. అక్కడా కొన్ని చేపలున్నాయి. మామ నాతో, "మార్కాపురం దుకాణానికి ఫోన్ చేసి ఇంకో చుట్ట పంపమని చెప్పు. రేపటికల్లా అది గూడా కప్పాల" అన్నాడు. సరుకు ఆర్డర్లు చెప్పేది నేనే. నేను వంటింట్లోకి పోయి, ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, బయటికొచ్చి చెప్పాను.

"స్టాక్ లేదంట మామా. వారం పడుతుందంట."

ఫోన్ చెయ్యనేలేదు. ఇప్పుడు తల్చుకున్నా దానికి నేనేమీ బాధపడను.

వారం తిరక్కుండానే చావులు మొదలయ్యాయి. నెట్ కింద తెల్లటి పొట్టలు తేలడం, కాపలావాడు వాటిని గంపలకెత్తి గుంతలో సున్నం వేసి పూడ్చడం. మామ ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని గట్టు మీద నిలబడేవాడు. కన్సల్టెంట్ ఫోన్ ఎత్తడం మానేశాడు. నేను గట్టు కొసకు పోయి, కప్పని చోట నిలబడి చూసేదాన్ని. అక్కడివి పొద్దుటిపూట బిగుసుకుపోయి ఉండేవి. ఎండెక్కాక ఒకదాని పక్కన ఒకటి వీపులు ఆనించి తేలేవి. వాటిలోనూ కొన్ని పోయాయి, అబద్ధం చెప్పను. కానీ ఎక్కువ భాగం నిలబడ్డాయి. కొన్నాళ్ళకు ఒకటి మేత గింజను నోటితో అందుకుంది. నేను గట్టు మీదే కూర్చుని ఏడ్చాను.

చావులు ఆగాక ఇంట్లో పంచాయితీ పెట్టారు. మా అత్త తీర్పు చెప్పింది. బతికినవి అమ్మవారి దయ వల్ల, వేపాకు చలువ వల్ల బతికాయి. చచ్చినవి ఎందుకు చచ్చాయంటే, అమ్మవారి పేరు చెప్పినప్పుడు ఒకరు నవ్వారు.

"నమ్మనోళ్ళు ఇంట్లో ఉంటే ఆ తల్లి నిలుస్తాదా?" అంది, నా వైపు చూడకుండా.

మామ గొంతు సవరించుకున్నాడు. "ఆ తోట మనకు అచ్చిరాల్యా. పూడిపిస్తా."

ఎన్నాళ్ళుగానో దాచుకున్నదంతా బయటికొచ్చింది.

"బతికినవి యాడ బతికినాయో చూసినారా మామా? నెట్ లేని కాడ. వేపాకు లేని కాడ. ఎండ పడిన కాడ. చచ్చినవన్నీ నెట్ కిందనే చచ్చినాయి. మిగతాదానికి నెట్ ఎందుకు రాలేదో తెలుసా? నేను మార్కాపురానికి ఫోనే చెయ్యల్యా. స్టాక్ లేదని నేనే చెప్పినా. అది గూడా కప్పుంటే ఈరోజు ఒక్కటి గూడా ఉండేది కాదు."

మా ఆయన ఫోన్ పక్కన పెట్టాడు, పెళ్ళయ్యాక అదే మొదటిసారి. మామ నన్ను చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో ఒక్క క్షణం ఏదో కదిలింది. అర్థమైందనే అనుకున్నాను. ఇప్పుడు చెరువు నీదే అంటాడని ఆశపడ్డాను కూడా, నా మొహానికి.

"అంటే అబద్ధం చెప్పినావు," అన్నాడు.

"చెప్పినా. అందుకే అవి బతికినాయి."

"అబద్ధం చెప్పేదాని చేతికి తోట ఎట్ల ఇచ్చేది?"

ఈ మాటన్నది ఎవరు? కందిపప్పు ధర ఎగబాకుతుందని చెవిన పడితే చాలు, గోదాము నిండా బస్తాలు పేర్చుకుని, "స్టాక్ ల్యా నాయనా, లారీ రావాల" అని గిరాకీల మొహాన చెప్పే మనిషి. ఆ మాట నేను వెయ్యిసార్లు విన్నాను. నా నోట అదే మాట వచ్చేసరికి ఈయనకు ధర్మం గుర్తొచ్చింది. అది మొహం మీదే అడగాలనుకున్నాను. అడగలేదు. లేచిపోయి పొట్లాల దగ్గర కూర్చున్నాను.

బతికిన చేపల్ని కంభం సంతకు తోలారు. చెరువు పూడ్చారు. ఇప్పుడక్కడ పసుపు రంగు వేసిన హద్దురాళ్ళున్నాయి. ప్లాట్లు ఒక్కటీ అమ్ముడుపోలేదు. బజారులో మాత్రం మా మామకు పేరొచ్చింది. చేపలకు అమ్మవారు పోస్తే పచ్చ నెట్ కట్టి, వేపాకు పరిచి ఎట్లా కాపాడుకున్నాడో ఆయన వచ్చినవాడికల్లా చెప్పేవాడు. చచ్చినవాటి ఊసు ఎత్తేవాడు కాదు.

మరుసటి చలికాలం ఒక మధ్యాహ్నం వెలిగండ్ల వైపు నుంచి ఒక రైతు బస్సు దిగి అంగటికొచ్చాడు. మామ లోపల మంచం మీద నిద్రపోతున్నాడు. గల్లా దగ్గర నేనున్నాను.

"చేపలకు వైద్యం చేసిన అంగడి ఇదేనా అమ్మా? మా కుంటలో చేపలు మచ్చలేసుకుని ఎండకు చేరినాయి. మేత ముట్టల్యా."

"నెట్ కట్టినావా అన్నా?"

"కట్టల్యా ఇంకా. కొనుక్కుని పోదామనే వచ్చినా."

"కొనొద్దు. ఎండ పడనియ్యి. తెల్లారగట్ట బోరు వెయ్యి, ఆ వెచ్చటి నీళ్ళ కాడికి చేపలు వస్తాయి, రానియ్యి. మేత తగ్గించు. నీ వలలు, బకెట్లు ఇంకొకరి చెరువులో ముంచనియ్యొద్దు. బతికినవాటి మధ్యన కొత్త పిల్లల్ని వదలొద్దు, వాటి ఒంట్లో ఆ జబ్బు దాగుంటాది. అన్నీ బతుకుతాయని నేను చెప్పలేను, కొన్నన్నా దక్కుతాయి."

అతను అనుమానంగా చూశాడు. "పెద్దాయన నెట్టు, యాపాకు అని చెప్తుండాడని విన్నానే. నువ్వేంది తిరగేసి చెప్తుండావు? ఎవురు చెప్పినారు ఇది?"

నేను అనే రెండక్షరాలు నా నాలుక చివరిదాకా వచ్చాయి. ఆ మాట అంటే అతను నెట్ కొనుక్కుని పోతాడు. అది అతని మొహంలోనే కనిపిస్తోంది.

"మా మామ చెప్పినాడు," అన్నాను.

"పెద్దాయనే చెప్పినాడా? ఇంగేం మరి," అని అతను తువ్వాలు భుజాన వేసుకుని, లోపల గురక వినిపిస్తున్న వైపుకు తిరిగి దండం పెట్టి, బస్సుకు పోయాడు.